ఒకే కుటుంబంలో మూడు వయసులు: ఆర్థిక ప్రణాళికను వయసుతో కొలవాలా, బాధ్యతలతో కొలవాలా?

ప్రశ్న – నడివయసు

సభ్యులకు నమస్కారం. మా కుటుంబంలో ముగ్గురం మూడు వేర్వేరు ఆర్థిక దశల్లో ఉన్నాం, ముగ్గురికీ ఒకేసారి ప్రణాళిక వేయవలసిన పని నా మీద పడింది. మా తమ్ముడికి 24 ఏళ్లు, ఇటీవలే ఉద్యోగంలో చేరాడు. నాకు 42 ఏళ్లు. ఇంటి అప్పు మరో 11 ఏళ్లు తీర్చాలి, మా అమ్మాయి ఐదేళ్లలో పైచదువుకు వెళుతుంది, పదవీ విరమణకు 18 ఏళ్ల వ్యవధి ఉంది, మా ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. మా నాన్నగారికి 69 ఏళ్లు. పింఛను వస్తుంది కానీ ఖర్చులకు చాలదు, తక్కువ పడినంత మేరకు తన డిపాజిట్ల నుంచి తీసుకుంటారు.

తెలిసినవారిని అడిగితే, వంద నుంచి వయసును తీసివేయగా మిగిలిన శాతాన్ని షేర్లలోనూ, తక్కినది డిపాజిట్లలోనూ బాండ్లలోనూ ఉంచమని చెబుతున్నారు. ఆ లెక్కన తమ్ముడు 76 శాతం, నేను 58 శాతం, నాన్నగారు 31 శాతం షేర్లలో పెట్టాలి. తమ్ముడి ఖాతాలో ఇంకా రెండు నెలల జీతం కూడా నిలవ లేదు కనుక అందులో 76 శాతమంటే నవ్వు వస్తోంది. నాన్నగారు ఇంతవరకూ ఒక్క షేరు కొని ఎరుగరు. వయసును బట్టి ఇలా నిర్ణయించడంలో అసలు సబబు ఉందా? నా విషయంలో అప్పు, అమ్మాయి చదువు, నా విరమణ, ఈ మూడింటిలో దేనికి ముందు పెట్టాలి? ఫలానా పథకం కొనమని కాకుండా, ఎలా ఆలోచించాలో చెబితే మేలు. పన్ను నిబంధనలు దేశానికొక తీరుగా ఉంటాయి కనుక వాటిని పక్కన పెట్టవచ్చు.

జవాబు – ఖాతాపుస్తకం

నడివయసు గారికి నమస్కారం. వంద నుంచి వయసును తీసివేసే లెక్క గుర్తుపెట్టుకోవడానికి సులువుగా ఉంటుంది, అంతకు మించిన పునాది దానికి లేదు. ఆర్థికవేత్తలు ఫ్రాంకో మొదిగ్లియాని, రిచర్డ్ బ్రమ్‌బెర్గ్ 1954లో ప్రతిపాదించిన జీవనచక్ర సిద్ధాంతం ప్రకారం మనిషి ఏ ఏటి సంపాదనను ఆ ఏడే ఖర్చు చేయడు. జీవితకాలమంతా రాబోయే ఆదాయాన్ని మనసులో ఉంచుకుని, సంపాదన ఉన్న ఏళ్లలో కూడబెట్టి, లేని ఏళ్లలో దానిని తీసి వాడుకుంటాడు. ఆ తరువాత 1969లో పాల్ శామ్యూల్సన్, రాబర్ట్ మెర్టన్ విడివిడిగా రాసిన పత్రాలు మరికొంత ఇబ్బందికరమైన విషయాన్ని బయటపెట్టాయి. కొన్ని సరళమైన ఊహల మీద, చేతిలో ఉన్న సొమ్ము తప్ప వేరే ఆదాయం లేని వ్యక్తి విషయంలో, అతని వయసు ఎంతైనా సరే షేర్ల వాటా మారనవసరం లేదని వారి లెక్కలు చూపాయి. అంటే, చిన్నవాడికి కాలం ఉంది గనుక నష్టం దానంతట అదే పూడిపోతుందనే వాదన ఒక్కటే నిలబడదు. కాలం పెరిగిన కొద్దీ నష్టపోయే అవకాశం తగ్గవచ్చు, కానీ నష్టమంటూ వస్తే దాని పరిమాణం పెద్దదవుతుంది.

మరి చిన్న వయసులో షేర్లు ఎక్కువగా ఉండవచ్చని ఎందుకంటారు? దానికి సరైన కారణం రాబోయే సంపాదన. మీ తమ్ముడి అసలు ఆస్తి బ్యాంకు ఖాతాలోని నిలవ కాదు, రాబోయే 36 ఏళ్ల జీతం. ఆ జీతం నిలకడగా వచ్చేదైతే, క్రమం తప్పక స్థిరమైన ఆదాయమిచ్చే ఒక పెద్ద బాండు అతని చేతిలో ఇప్పటికే ఉన్నట్టే లెక్క, కనుక కొద్దిపాటి పొదుపు మొత్తాన్నీ షేర్లలో పెట్టినా అతని మొత్తం ఆస్తిలో షేర్ల పాలు స్వల్పంగానే ఉంటుంది. బోడీ, మెర్టన్, విలియం శామ్యూల్సన్ 1992లో ఇంకో అంశాన్ని జోడించారు: అవసరమైతే మరికొన్నాళ్లు, మరికొంత ఎక్కువగా పని చేసి లోటు పూడ్చుకోగల వెసులుబాటు ఉన్నవారు ఎక్కువ ఒడిదుడుకులను భరించగలరు. 24 ఏళ్లవాడికి ఆ వెసులుబాటు ఉంది, 69 ఏళ్లవారికి లేదు. వయసు ఇక్కడ పరోక్షంగా పని చేస్తోందే తప్ప సూటిగా కాదు.

దీని నుంచి సూత్రంలో కనబడని ఒక తేడా బయటపడుతుంది. ధరలతో పాటు పెరిగే పింఛను హామీ ఉన్న 50 ఏళ్ల ఉద్యోగి, కమీషను మీద బతికే 28 ఏళ్ల షేర్ల బ్రోకరు కంటే ఎక్కువ శాతం షేర్లు ఉంచుకోవచ్చు, ఎందుకంటే ఆ బ్రోకరు ఆదాయమే మార్కెట్‌తో పాటు లేచి పడుతూ ఉంటుంది. అదే కారణంతో మీ తమ్ముడికి ఒక్క మాట గట్టిగా చెప్పండి: తాను పని చేసే సంస్థ షేర్లలోనే పొదుపు పెట్టకూడదు. 2001లో ఎన్రాన్ అనే అమెరికా ఇంధన సంస్థ కుప్పకూలినప్పుడు ఉద్యోగుల విరమణ ఖాతాల్లోని సొమ్ములో సగానికి పైగా ఆ సంస్థ షేర్లలోనే ఉంది. ఉద్యోగం, దాచుకున్నది, రెండూ కలిసే పోయాయి.

రాబోయే జీతమే ప్రధాన ఆస్తి అయినప్పుడు, ఆ దశలో ప్రధాన ప్రమాదం షేర్లు పడిపోవడం కాదు, జీతం ఆగిపోవడం. కాబట్టి తమ్ముడు మొదట చేయవలసినవి ఇవి: మూడు నాలుగు నెలల ఖర్చుకు సరిపడే అత్యవసర నిధి, ఆరోగ్య బీమా, పని చేయలేని స్థితి వస్తే ఆదాయం అందించే బీమా. అతని మీద ఎవరూ ఆధారపడి లేకపోతే ప్రాణానికి బీమా ఇప్పుడే అవసరం లేదు. ఈ మాట బీమా ఏజెంట్లకు రుచించదని నాకు తెలుసు.

జవాబు – సగటుమదుపరి

ఖాతాపుస్తకం గారు తమ్ముడి సంగతి చెప్పారు కనుక నేను మీ సంగతి తీసుకుంటాను. ముగ్గురిలో మీ లెక్కే చిక్కుగా ఉంది. ఒకే జీతం మీద నాలుగు బాధ్యతలు కూర్చున్న వయసు ఇది.

మొదట, మీ తరువాత జీతం లేదు. సంపాదించేది ఒక్కరే అయినప్పుడు అత్యవసర నిధి మూడు నెలలకు సరిపోదు, తొమ్మిది నెలల నుంచి ఏడాది ఖర్చు (ఈఎంఐతో సహా) వెంటనే తీసుకోగల చోట ఉండాలి. ప్రాణానికి బీమా మీ విషయంలో తప్పనిసరి. దాని మొత్తాన్ని జీతానికి ఇన్ని రెట్లు అని గుడ్డిగా లెక్కించకుండా, మిగిలిన అప్పు, అమ్మాయి చదువు, ఆమె స్థిరపడే వరకూ ఇంటి ఖర్చు, ఆపైన మీ శ్రీమతి గారి జీవనం కూడి, అందులోంచి ఉన్న పొదుపు తీసివేయండి. ఈ అవసరం ఏటా తగ్గుతూ పోతుంది. మీకు 60 నిండే నాటికి అది దాదాపు సున్నాకు రావాలి, రాకపోతే ప్రణాళికలో లోపం ఉన్నట్టు. అందుకే కాలపరిమితి తీరితే చేతికేమీ రాని టర్మ్ పాలసీ చాలు. బీమానూ పొదుపునూ కలిపి అమ్మే పాలసీలలో రెండూ అరకొరగానే ఉంటాయని నా అభిప్రాయం.

ఇక అప్పు. దీనిలో చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. లక్ష అప్పును 9 శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 900 కట్టాలి. మొదటి నెల అందులో 750 వడ్డీకే పోయి, అసలులో 150 మాత్రమే తగ్గుతుంది. మీదీ అలాంటి అప్పే అనుకుని తొమ్మిదేళ్లు గడిచిపోయాయని లెక్క వేస్తే, కాలం సగానికి దగ్గరగా తీరినా అసలులో నాలుగింట మూడు వంతులు ఇంకా బాకీ ఉంటుంది, ఈ నెల కట్టే 900లో కూడా సుమారు 564 వడ్డీయే. అందుచేత మీకు సగం బరువు దిగిందనే భావన ఉంటే, ఒకసారి బ్యాంకు ఇచ్చే వాయిదాల పట్టిక తీసి చూడండి.

ముందే తీర్చాలా, మదుపు పెట్టాలా అన్నదానికి నా కొలత ఇది: అప్పు ముందుగా తీర్చిన ప్రతి రూకా, పన్ను మినహాయింపు ఏదైనా ఉంటే దానిని తీసివేశాక మిగిలే వడ్డీ రేటు ఎంతో, అంత రాబడిని ఎలాంటి సందేహం లేకుండా ఇస్తుంది. దీనిని షేర్ల మీద ఆశించే రాబడితో పోల్చకూడదు. డిపాజిట్ల వడ్డీతో పోల్చాలి, ఎందుకంటే రెండింటిలోనూ సందేహం లేదు. అప్పు 9 శాతానికి ఉంచుకుని, అత్యవసర నిధికి మించిన సొమ్మును 6, 7 శాతం డిపాజిట్లలో పెట్టుకోవడం ఏ విధంగా చూసినా నష్టమే. క్రెడిట్ కార్డు బాకీ వంటివి ఉంటే వాటి గురించి చర్చే అక్కరలేదు, అన్నిటికంటే ముందు అవి తీరాలి.

అమ్మాయి చదువుకు ఐదేళ్లే ఉంది. అవసరపడే తేదీ ఖాయంగా తెలిసిన సొమ్మును, ఆ తేదీ దగ్గరలో ఉన్నప్పుడు షేర్లలో ఉంచకూడదు. ప్రవేశాలు మార్కెట్ కోలుకునే వరకూ ఆగవు. ఇప్పటికే షేర్లలో కొంత ఉంటే ఏటా ఐదో వంతు చొప్పున డిపాజిట్లలోకి, స్వల్పకాలిక బాండ్లలోకి మార్చుకుంటూ రండి. విరమణ సొమ్ముకు మాత్రం 18 ఏళ్లు ఉన్నాయి కనుక, షేర్ల వాటా ఏదైనా ఉంటే అది అక్కడ ఉండాలి. చూడండి, మీ వయసు ఒక్కటే అయినా మీ సొమ్ముకు మూడు వేర్వేరు వయసులున్నాయి. 58 శాతమనే ఒక్క అంకె వాటిలో దేనికీ సరిపోదు.

జవాబు – తొలిమెట్టు

తమ్ముడి విషయంలో నాది కొంచెం భిన్నాభిప్రాయం. చిన్న వయసులో మొదలుపెట్టమని చెప్పేవారందరూ ఒకే కథ చెబుతారు: 25వ ఏట మొదలుపెట్టి పదేళ్లు మాత్రమే పొదుపు చేసి ఆపేసిన వ్యక్తి, 35వ ఏట మొదలుపెట్టి 25 ఏళ్లపాటు పొదుపు చేసిన వ్యక్తి కంటే 60వ ఏట ఎక్కువ ఆస్తితో ఉంటాడట. ఏటా 1 చొప్పున పొదుపు, 7 శాతం రాబడి అనుకుని లెక్క కడితే అది నిజమే. మొదటివాడి దగ్గర సుమారు 75, రెండోవాడి దగ్గర సుమారు 63 ఉంటాయి. కానీ జీతాలూ ధరలూ పెరుగుతుంటే రెండోవాడు పదేళ్ల తరువాత కూడా అదే అంకె పొదుపు చేస్తాడనుకోవడం సరికాదు. ఇద్దరూ కొనుగోలు శక్తిలో సమానమైన మొత్తాన్నే ఏటా దాస్తారనుకుని, ద్రవ్యోల్బణం పోగా మిగిలే నికర రాబడి 3 శాతం అనుకోండి. అప్పుడు మొదటివాడి దగ్గర 24, రెండోవాడి దగ్గర 36 ఉంటాయి. కథ తలకిందులైంది.

ఇలా అనడం తమ్ముణ్ణి పొదుపు మానమని చెప్పడానికి కాదు. తక్కువ జీతంలో కడుపు మాడ్చుకుని దాచడం కంటే, మొదటి ఐదారేళ్లలో జీతం పెంచుకునే నైపుణ్యం మీద ఖర్చు చేయడం వల్ల ఎక్కువ ఫలితం ఉండవచ్చునని నా ఉద్దేశం. పొదుపు అలవాటు కోసం రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ 2004లో ప్రచురించిన పద్ధతి నాకు నచ్చింది: ఇప్పటి జీతంలోంచి కోత పెట్టకుండా, రాబోయే ప్రతి జీతం పెంపులో కొంత భాగం పొదుపుకు వెళ్లేలా ముందే ఒప్పుకుని సంతకం చేయడం. వారు పరిశీలించిన మొదటి సంస్థలో ఆ ఒప్పందంలో చేరిన ఉద్యోగుల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. చేతికి వచ్చే జీతం ఏనాడూ తగ్గదు గనుక మనసు ఎదురు తిరగదు.

ఖాతాపుస్తకం: తొలిమెట్టు గారి లెక్క సరైనదే, నేను సరిచూశాను. అయితే ఆ మొదటివాడు పదేళ్లకే ఎందుకు ఆపాలి? ఆపకుండా 35 ఏళ్లు కొనసాగిస్తే 3 శాతం నికర రాబడి మీద కూడా 60 దాటుతుంది. నైపుణ్యం మీద ఖర్చు అన్న మాటతో ఏకీభవిస్తాను, కానీ ఆ పేరుతో కొత్త ఫోన్లు కొనకుండా ఉంటేనే.

నడివయసు

అందరికీ ధన్యవాదాలు. సంస్థ షేర్ల సంగతి తమ్ముడికి చెప్పాను. నిజంగానే వాళ్ల సంస్థ వాటినే ఇవ్వజూపుతోందట. వాయిదాల పట్టిక కూడా చూశాను, సగటుమదుపరి గారు ఊహించిన అంకెకు నా బాకీ చాలా దగ్గరగా ఉంది.

ఒక సందేహం మిగిలింది. అమ్మాయి చదువుకూ నా విరమణకూ కలిపి సొమ్ము చాలకపోతే, దేనికి కోత పెట్టాలి? విరమణకే ముందు పెట్టుకోమని కొందరు అంటున్నారు, తండ్రిగా నాకది మింగుడు పడడం లేదు. రెండోది, నాన్నగారి వివరాలు అడుగుతారని రాస్తున్నాను: ఆయన ఖర్చులో మూడింట రెండు వంతులు పింఛనుతో గడుస్తాయి. తక్కువ పడే ఆ మూడో వంతును ఏడాదికి లెక్కగడితే, ఆయన దగ్గర దానికి 20 రెట్లు డిపాజిట్లలో ఉంది. ఇరవై ఏళ్లకు సరిపోతుంది, 89 ఏళ్ల దాకా చింత లేదని ఆయన నమ్మకం. పింఛను స్థిరమైన మొత్తం, ధరలతో పాటు పెరగదు. మా అమ్మ లేరు.

జవాబు – సగటుమదుపరి

చదువుకు అప్పు దొరుకుతుంది, విరమణకు దొరకదు అని అందరూ చెప్పే మాటే నేనూ చెప్పగలను గానీ, ఆ అప్పు అమ్మాయి నెత్తిన పడుతుందని మీకు తెలుసు. ఆ మాట ఒక్కదానితోనే దీన్ని తేల్చలేం. ఇలా చూడండి: విరమణ నాటికి మీ దగ్గర సొమ్ము లేకపోతే, ఆ లోటును పూడ్చేది కూడా ఆ అమ్మాయే, అదీ తనకు మీ ఇప్పటి వయసు, మీ ఇప్పటి బాధ్యతలు వచ్చిన సమయంలో. చదువు అప్పు మొత్తం ఎంతో ముందే తెలుస్తుంది, ఎప్పటికి తీరుతుందో తెలుస్తుంది. తల్లిదండ్రుల పోషణకు అలాంటి హద్దు ఉండదు. కనుక మీరు ఇవ్వగలిగింది ఎంతో లెక్క తేల్చుకుని, ఆ అంకెను అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. ఐదేళ్ల ముందు తెలిస్తే తను ఏ చదువు, ఏ కళాశాల, ఏ ఉపకారవేతనం అని ఆలోచించుకోగలదు. చివరి నెలలో తెలిస్తే ఏమీ చేయలేదు.

మీకు అనుకూలమైన అంశం ఒకటి ఉంది. 52, 53 ఏళ్ల ప్రాంతంలో చదువు ఖర్చూ, ఈఎంఐ రెండూ ముగుస్తాయి. ఆ రెండింటికీ వెళ్లే సొమ్ము మిగతా ఏడేళ్లు పూర్తిగా విరమణకే మళ్లించగలిగితే, ఇప్పుడు కనిపిస్తున్న లోటులో చాలా భాగం పూడుతుంది. ఉద్యోగం 60 దాకా నిలిస్తేనే సుమా. అందుకే ఈ పదేళ్లలోనూ విరమణకు ఎంతో కొంత వెళ్లాలి, అన్నీ చివరి ఏడేళ్ల మీద పెట్టకూడదు.

జవాబు – విశ్రాంతి

నడివయసు గారికి నమస్కారం. మీ నాన్నగారి కంటే నేను రెండేళ్లు పెద్ద, ఈ చర్చను మొదటి నుంచీ చదువుతున్నాను. మీరు నాన్నగారి వివరాలు ఇవ్వకముందు షేర్లూ డిపాజిట్ల గురించి రాద్దామనుకున్నాను. వివరాలు చూశాక తెలిసింది, ఆయన సమస్య అది కాదు.

ఆయన ఏడాది ఖర్చును 3 అనుకోండి. పింఛను 2, లోటు 1, డిపాజిట్లు 20. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లలో ఖర్చు రెట్టింపు అవుతుంది, అంటే 6. పింఛను అప్పుడూ 2 మాత్రమే. లోటు 1 నుంచి 4కు చేరింది. ఖర్చు రెండింతలైతే లోటు నాలుగింతలైంది. ఇరవై ఏళ్లకు సరిపోతుందన్న లెక్క, ఖర్చుతో సమానంగానే లోటు పెరుగుతుందనుకుంటేనే నిజం. డిపాజిట్ల మీద కూడా సరిగ్గా 6 శాతం వడ్డీ వస్తుందనుకుని ఏటేటా తీసివేసుకుంటూ చూడండి. ఆ సొమ్ము 13 ఏళ్లకు మించి ఒక్క ఏడు కూడా రాదు. 89 ఏళ్ల దాకా అనుకున్నది 82 ఏళ్లకే అయిపోతుంది.

అయితే రాబడి పెంచుదామంటారా? ఏటా 8 శాతం వచ్చిందనుకుని అదే లెక్క మళ్లీ వేశాను. సుమారు ఒక్క ఏడాది మాత్రమే కలిసి వచ్చింది. పింఛను పెరగకపోవడం వల్ల ఏర్పడే గండి రాబడితో పూడేది కాదు, కనుక ఆయనను 31 శాతం షేర్లు కొనమని ఒత్తిడి చేయడం వల్ల నిద్ర పాడవడం తప్ప పెద్దగా ఒరిగేదేమీ లేదు.

పైగా సొమ్ము తీసుకుంటూ ఉండే దశలో షేర్లు వేరే రకంగా ప్రవర్తిస్తాయి. మూడేళ్ల రాబడులు మైనస్ 20, ప్లస్ 10, ప్లస్ 30 శాతం అనుకోండి. ఏమీ తీయకుండా ఉంచిన 100, ఏ వరుసలో వచ్చినా 114 పైచిలుకు అవుతుంది. కానీ ప్రతి ఏడు మొదట్లో ఖర్చుకు 6 తీసుకునేవారికి, పతనం ముందు వస్తే చివర 91 మిగులుతుంది, అదే పతనం ఆఖరి ఏట వస్తే 97 మిగులుతుంది. ఒక ఏడాది ఖర్చు గల్లంతు. ఇక ఏటా 6 చొప్పున కొత్తగా దాచుకుంటున్న మీ తమ్ముడికి ఇదే లెక్క వేస్తే ఫలితం తలకిందులు: పతనం ముందు వస్తే మూడేళ్ల చివర 23, ఆఖరున వస్తే 17. అతనికి మొదట్లో వచ్చిన పతనం చవకగా కొనే అవకాశం, నాబోటివాడికి అదే పతనం తిరిగి రాని నష్టం. నడివయసు గారూ, ఇది మీకు 18 ఏళ్ల తరువాత పనికివచ్చే విషయం. విరమణకు ముందు ఐదేళ్లు, తరువాత ఐదేళ్లు, ఈ పదేళ్లలో షేర్ల వాటా తగ్గించి, ఆ తరువాత కావాలంటే కొద్దిగా పెంచుకోవచ్చు. నేను మూడేళ్ల ఖర్చును డిపాజిట్లలో వేరుగా ఉంచుకుని, మార్కెట్ పడిన ఏట అందులోంచే వాడుకుంటాను.

విరమణకు ఎంత సొమ్ము కావాలని అడిగితే చాలామంది నాలుగు శాతం సూత్రం చెబుతారు. విలియం బెంగెన్ 1994లో అమెరికా మార్కెట్ గణాంకాల మీద చేసిన లెక్క అది. మొదటి ఏట పోగుచేసిన సొమ్ములో 4 శాతం తీసుకుని, తరువాత ఏటా ధరల పెరుగుదల మేరకు పెంచుకుంటూ పోతే, సగం నుంచి ముప్పావు వంతు దాకా షేర్లలో ఉంచినవారికి గడ్డు కాలంలో కూడా 30 ఏళ్లు వచ్చిందని ఆయన చూపారు. అక్కడ అత్యంత గడ్డు కాలం ఎదుర్కొన్నది 1929 పతనానికి ముందు విరమించినవారు కారు, 1960ల చివర విరమించినవారు. షేర్లు పడిపోవడం, ధరలు మండిపోవడం రెండూ 1970లలో వారి మీద కలిసి పడ్డాయి. ఆ సూత్రం ఒక దేశపు చరిత్ర, 30 ఏళ్ల గడువు మీద కట్టినది కనుక దానిని హామీగా తీసుకోకూడదు. మొదటి అంచనాకు మాత్రం పనికొస్తుంది: ఏడాది ఖర్చుకు 25 రెట్లు.

జీవితాంతం ఆదాయమిచ్చే యాన్యుటీ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కనుక చెబుతున్నాను. వారసులకు మిగల్చాలన్న ఆలోచన లేనివారికి అదే ఉత్తమమని మెనాహెమ్ యారీ 1965లోనే సిద్ధాంతపరంగా చూపారు, ఎంతకాలం బతుకుతామో తెలియని బెడదను అది తీరుస్తుంది కూడా. కానీ మీ నాన్నగారికి పెరగని ఆదాయం ఇప్పటికే ఉంది. మరో పెరగని ఆదాయాన్ని కొనడం వల్ల జబ్బు ముదురుతుంది. ఏటా పెరిగే రకం దొరికితే పరిశీలించండి. మొదటి ఏళ్లలో అది తక్కువ ఇస్తుంది, అందుకే చాలామంది దానిని కాదంటారు.

ఇంకో విషయం మర్యాదగా చెప్పవలసినది. సుమిత్ అగర్వాల్, జాన్ డ్రిస్కాల్, జేవియర్ గబే, డేవిడ్ లైబ్సన్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, రుణాలు, క్రెడిట్ కార్డుల వ్యవహారాల్లో మనుషులు అతి తక్కువ పొరపాట్లు చేసే వయసు సుమారు 53 అని తేలింది. అనుభవం పెరుగుతూ, చురుకుదనం తగ్గుతూ ఉండగా ఆ రెండూ కలిసే చోటు అది. మా వయసువారికి ఎక్కువ ఖాతాలు, ఎక్కువ పథకాలు మేలు చేయవు. నాన్నగారి డిపాజిట్లను ఒకటి రెండు బ్యాంకుల్లోకి చేర్చండి, నామినీల పేర్లు సరిచూడండి (మీ అమ్మగారి పేరే ఇంకా ఉండి ఉండవచ్చు), వీలునామా రాయించండి, ఆయనకు చేతకాని రోజున సంతకం చేసే అధికారం మీ ఇద్దరిలో ఎవరికుండాలో ఆయన నోటనే నిర్ణయం చేయించండి. ఇవన్నీ ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేయాలి, తరువాత చట్టం ఒప్పుకోదు.

ఇక గండి పూడ్చే సంగతి. ఖర్చు తగ్గించుకోమని నేను ఆయనకు చెప్పను. ఈ వయసులో తగ్గేది ఏదైనా ఉంటే అది వైద్యం కాదు గనుక, మిగిలేది చాలా స్వల్పం. ఆయన సొమ్ము తరిగిపోయే 82 ఏళ్లకు మీ ఇంటి అప్పు తీరి రెండేళ్లవుతుంది. సగటుమదుపరి గారు ఆ ఈఎంఐ సొమ్మును మొత్తం మీ విరమణకే రాశారు. అందులో కొంత నాన్నగారిది. ఆ కొంత ఎంతో తమ్ముడితో కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి, అప్పటికి అతనికి 37 ఏళ్లు నిండుతాయి, అతని మీదా బాధ్యతలు వచ్చి ఉంటాయి.

సగటుమదుపరి: ఒప్పుకుంటున్నాను, నాన్నగారి లెక్క చూడకుండా ఆ ఏడేళ్ల మాట రాశాను. అలాగైతే అన్నదమ్ములిద్దరూ ఇప్పటి నుంచే చెరి కొంత వేరే ఖాతాలో వేయడం తేలిక. 13 ఏళ్ల గడువు ఉంది కనుక ఆ ఖాతాలో కొంత భాగం షేర్లలో ఉండవచ్చు. దాన్ని నాన్నగారి డిపాజిట్లతో కలపకండి.

నడివయసు: తమ్ముడు ఒప్పుకున్నాడు. తొలిమెట్టు గారు చెప్పిన పద్ధతిలో, వచ్చే జీతం పెంపు నుంచి మొదలుపెడతానన్నాడు. నాన్నగారికి 13 ఏళ్ల లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఆయన మరోసారి తన చేత్తో వేసుకుని, వడ్డీ ఏడాదికి ఒకసారి కాక మూడు నెలలకోసారి కలుస్తుందని, ఆ తేడా కూడా లెక్కలోకి తీసుకోమని అన్నారు.

విశ్రాంతి: ఆయన చెప్పింది నిజమే, తీసుకోండి. అయినా మరో ఏడు కలవదు.